నడిమి నాలుగు చుట్లు

మా నాయిన ఏదీ నిండుగా నింపేవాడు కాదు. చాయ్ గ్లాసు అంచుకు రెండు వేళ్ల కిందే ఆగాలి. సైకిల్ ట్యూబును బొటనవేలితో నొక్కితే కొంచెం లొంగాలి. ఇంకో నాలుగు ముద్దలు పడతాయనగా చేయి కడిగేసుకునేవాడు. అలాగని దేన్నీ పూర్తిగా ఖాళీ కానిచ్చేవాడూ కాదు. కుండలో నీళ్లు అడుగంటక ముందే, కిరసనాయిలు డబ్బా తేలికపడక ముందే గొణుగుడు మొదలుపెట్టేవాడు. పిసినారితనమని చుట్టాలు నవ్వేవారు. మా అమ్మ మాత్రం, "మీ నాయిన మనిషిగ పుట్టలే బిడ్డా, గడియారంగ పుట్టిండు. పూర చావి ఇస్తే తెగుతడు, ఇయ్యకుంటె ఆగుతడు" అనేది. అమ్మ సర్కారు దవాఖానలో ఆయాగా చేసేది. రోజంతా రోగుల మధ్య తిరిగి వచ్చిన మనిషికి ఇంట్లో ఉన్న ఈ ఒక్క పిచ్చి పెద్ద కష్టమనిపించేది కాదేమో. నేను వాళ్లకు ఒక్కతే కూతుర్ని. నాకు మాత్రం ఆ సగం గ్లాసుల బతుకు చిన్నప్పుడు బొత్తిగా నచ్చేది కాదు. ఉన్నది ఉన్నట్టు వాడుకోవడానికి ఏం రోగం అనుకునేదాన్ని. ఆ తలపొగరే ఒకసారి మా గల్లీలో ఇద్దరు పెద్దమనుషుల బతుకుల మీద పడింది. మొన్నటిదాకా ఎవరికీ చెప్పని ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

మాది పాతబస్తీలో, షాలిబండ దగ్గర ఒక సన్నని గల్లీ. అక్కడ ఎక్కువమంది లక్క గాజులకు రాళ్లు అతికే పనివాళ్లు. మాలాంటి క్రైస్తవ కుటుంబాలు మూడో నాలుగో ఉండేవి. పొద్దున ఎనిమిది దాటితే గల్లీ అంతా కాగుతున్న లక్క వాసన. మా ఇంట్లోకి వస్తే కిరసనాయిలు వాసన, దాని మీద పెట్రోలు వాసన, దాని మీద అమ్మ తెచ్చిన దవాఖాన ఫినాయిలు వాసన. మా నాయిన పేరు దేవదానం. గల్లీ మొగదల ఆయనకు ఒక చెక్క డబ్బా ఉండేది, మనిషి కూర్చుంటే మోకాళ్లు తలుపుకు తగిలేంత దుకాణం. అందులో గోడ గడియారాలు, బల్ల గడియారాలు, జేబు గడియారాలు విప్పి, కడిగి, బిగించి ఇచ్చేవాడు. అందరూ ఆయన్ను ఘడీసాజ్ అనేవారు. సాయంత్రం చిన్న చిన్న పనులు ఒక రేకు పళ్లెంలో పెట్టి ఇంటికి తెచ్చుకునేవాడు. పళ్లెం మీద తెల్ల గుడ్డ కప్పి ఉండేది. ఆ గుడ్డ తీసే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఫ్యాను ఆపాలి, ఎవరూ తుమ్మకూడదు. గుడిలో రొట్టె, ద్రాక్షారసం మీద గుడ్డ తీసేటప్పుడు కూడా పాస్టరుగారు అంత భయపడేవారు కాదు.

గడియారంలో అసలు కష్టం చావి ఇచ్చిన మరుక్షణం నుంచే మొదలవుతుందని నాయిన చెప్పేవాడు. చుట్ట చుట్టిన ఉక్కు పట్టీ, అంటే స్ప్రింగు, నిండా బిగిసినప్పుడు మొండిగా తోస్తుంది. విప్పుకుంటున్న కొద్దీ నీరసపడుతుంది. ఆ తోపు మారితే నడక మారుతుంది. మొదట్లో ముల్లు ముందుకు ఉరుకుతుంది, చివరికి వెనకబడుతుంది. "స్ప్రింగు గూడ మనిషి లెక్కనే బిడ్డా. పొద్దుగాల మస్తు జోరు, మాపటికి ఢీలా. గానీ ఆ సంగతి ముల్లుకు తెల్వొద్దు. తెల్వకుండ చేసుడే మన పని" అనేవాడు. రాయి వేలాడే గడియారానికి ఈ తిప్పలు లేవట. రాయి సోమవారం ఎంత బరువో ఆదివారమూ అంతే. పాత జేబు గడియారాల్లో మరో ఏర్పాటు ఉండేది. గోపురంలా కొసకు సన్నబడే చిన్న ఇత్తడి కప్పీ, దాని మీద మెట్లు మెట్లుగా చుట్టుకునే సన్నటి గొలుసు. స్ప్రింగు జోరుగా ఉన్నప్పుడు గొలుసు సన్నటి కొస దగ్గర లాగుతుంది, నీరసపడ్డప్పుడు వెడల్పు దగ్గర లాగుతుంది. ఎందుకని అడిగితే నన్ను డబ్బా తలుపు దగ్గరికి తీసుకెళ్లి, "గీడ నెట్టు" అని బందు పక్కన, తలుపు తిరిగే చోట, చేయి పెట్టించాడు. తలుపు కదలడానికి ఒళ్లంతా పెట్టాల్సి వచ్చింది. తర్వాత అంచున పెట్టించాడు. ఒక్క వేలితో కదిలింది. "బలం ఉన్నోనికి కష్టం జాగ, లేనోనికి అల్కటి జాగ. ఆఖర్కు ఇద్దరి పని బరాబర్" అన్నాడు. తర్వాత బళ్లో ముప్పై అయిదేళ్లు సైన్సు చెప్పాను. ఆ తలుపు దగ్గర అర్థమైనంత బాగా ఏ పాఠమూ నేను పిల్లలకు అర్థం చేయించలేకపోయాను.

ఇంకో ఏర్పాటు అన్నిటికంటే చిన్నది, నాయినకు అన్నిటికంటే ఇష్టమైనది. స్ప్రింగు ఉండే గుండ్రటి పెట్టె మూత మీద కందిగింజ కంటే కొంచెం పెద్దదైన ఉక్కు ముక్క ఒకటి ఉండేది. సిలువలా ఉండేది కాబట్టి మా ఇంట్లో దాన్ని సిలువ అనే అనేవాళ్లం. చావి ఒక చుట్టు తిరిగితే పక్కనున్న పన్ను ఆ సిలువను ఒక్క అడుగు జరుపుతుంది. నాలుగు అడుగులయ్యాక ఒక చేయి ఉబ్బెత్తుగా ఉండి పన్నుకు అడ్డం పడుతుంది. ఇక చావి తిరగదు. స్ప్రింగులో ఆరు చుట్లున్నా మనకు నాలుగే దక్కుతాయి. అడుగున ఉండే నీరసపు చుట్టు ముందే చుట్టి పెట్టేస్తారు, అది ఎప్పటికీ విప్పుకోదు. పైన ఉండే పొగరు చుట్టు ఎప్పటికీ చుట్టనివ్వరు. నడిమి నాలుగు చుట్లే గడియారాన్ని నడుపుతాయి. ఆ నాలుగూ ఇంచుమించు ఒకే బలంతో లాగుతాయి కాబట్టి వారమంతా నడక చెడదు. షహర్‌లో చాలామంది మిస్త్రీలు ఆ ముక్కను పీకి పారేసేవారు. అది లేకపోయినా గడియారం టిక్కుటిక్కుమంటుంది కదా, బిగించడం పెద్ద తలనొప్పి కూడాను. నాయిన చేతి మీదుగా పోయిన ఏ గడియారమూ సిలువ లేకుండా ఉండేది కాదు. ఎవరో పీకేసిన గడియారాలకు కూడా తనే ఆకురాయితో అరగదీసి కొత్తది చేసి పెట్టేవాడు.

మా గల్లీ మసీదులో ఒక ఫ్రెంచి గోడ గడియారం ఉండేది. ఏ నవాబుల దేవిడీ వాళ్లో ఎప్పుడో దానంగా ఇచ్చారు. వారం వారం దానికి చావి ఇచ్చేది నాయినే. శుక్రవారం పొద్దున తలకు రుమాలు కట్టుకుని, చెప్పులు బయట విడిచి, స్టూలెక్కి నాలుగు చుట్లు తిప్పి దిగేవాడు. అజా ఇచ్చి అందర్నీ నమాజుకు పిలిచే పెద్దాయన్ను అందరం మౌజన్ సాబ్ అనేవాళ్లం. ఆయన మా ఎదురింట్లో ఉండేవాడు. ఎండిన చెరకుగడలాంటి మనిషి, కళ్లకు సుర్మా, కంఠం మాత్రం గల్లీ గల్లీనంతా లేపేది. అప్పట్లో మా మసీదుకు మైకు లేదు. ఆయన కూతురు రఫియా ఆపా నాకంటే రెండేళ్లు పెద్దది. నాకు జడలు వేసేది, పేలు చూసేది, లెక్కలు తప్పు చేస్తే మొట్టేది. మౌజన్ సాబ్ వాకిట్లో కూర్చుని నాయినతో చాయ్ తాగుతూ, "సూరజ్ గూడ ఒక్కొక్కసారి మబ్బుల దాక్కుంటడు దేవదానం భాయ్, నీ ఘడీ దాక్కోదు" అనేవాడు. నాయిన ఆ మాటకు సిగ్గుపడి గ్లాసులోకి చూసేవాడు. ఆయన జీవితంలో అంతకంటే పెద్ద పొగడ్త లేదు.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా నాయిన కుడిచేయి వణకడం మొదలుపెట్టింది. మొదట చాయ్ సాసర్ చప్పుడు చేసింది. ఆయన సాసర్ మానేశాడు. తర్వాత పట్టకారులోంచి మరలు జారిపోవడం మొదలైంది. ఒకరోజు పళ్లెం నా వైపు జరిపి, "జర నువ్వు పట్టు బిడ్డా" అన్నాడు. అలా సన్నపని మెల్లగా నా చేతికి వచ్చింది. బయట ఎవరికీ తెలియదు. ఘడీసాజ్ కూతురు, పద్దెనిమిదేళ్లు లేని పిల్ల, తమ గడియారం విప్పుతున్నదని తెలిస్తే ఎవరిస్తారు? పగలు డబ్బాలో కూర్చునేది ఆయన, సాయంత్రం పని చేసేది నేను. నా చేతిపని బాగుందని ఆయన అమ్మతో చెప్పడం ఒకసారి విన్నాను. ఆ రోజు నుంచి నాకు ఆయన కంటే ఎక్కువ తెలుసనుకోవడం మొదలుపెట్టాను.

ఆ ఏడు రంజాన్ నడి వానల్లో వచ్చింది. నెల మొదలైన నాలుగు రోజులకే మసీదు గడియారంలో స్ప్రింగు తెగింది. నాయిన దాన్ని గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి, ఎక్కడో సంపాదించిన కొత్త స్ప్రింగు పెట్టెలో ఎక్కించాడు. పాతదానికంటే అది మొండిది. అంతలో ఆయనకు జ్వరం పట్టుకుంది. బుధవారం మధ్యాహ్నం నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని మంచం మీద పడుకున్నాడు. మిగతాది బిగించమని నాకు చెప్పాడు. మర్నాడు పొద్దున గడియారం గోడకెక్కాలని మౌజన్ సాబ్‌కు మాటిచ్చాడు.

నేను సిలువ దగ్గరికి వచ్చేసరికి దాని మర పట్టకారులోంచి ఎగిరిపోయింది. మోకాళ్ల మీద పడి వెతికాను. మంచం కింద, గోనెపట్టా కింద అయస్కాంతం తిప్పాను. దొరకలేదు. నాయినను లేపాలి. లేపితే ఆయన లేచి ఆ వణికే చేత్తో కొత్త మర చేయడానికి కూర్చుంటాడు. జాలి వేసిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. జాలి కొంతే. అసలు సంగతి, జారవిడిచానని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు. వెంటనే బుర్రలో తెలివి పుట్టింది. ఇంత మంచి కొత్త స్ప్రింగు ఉండగా రెండు చుట్లు వృథా ఎందుకు? సిలువ లేకపోతే ఆరు చుట్లూ పనికొస్తాయి, గడియారం వారం మీద ఇంకో మూడు రోజులు నడుస్తుంది. నాయినది వట్టి చాదస్తం. అలా అనుకుని సిలువను నా కంపాస్ బాక్సులో పెట్టుకుని గడియారం మూసేశాను. చావి కూడా నేనే ఇచ్చాను, తిరిగినంత వరకు.

నాయిన లేచి అడిగాడు. "అన్ని బిగించినవా?"

"బిగించిన నాయినా."

"నాలుగు చుట్లు ఇచ్చినవా?"

"ఆఁ, ఇచ్చిన."

గురువారం పొద్దున ఆయన మఫ్లర్ చుట్టుకుని, వానలో, గడియారాన్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాడు. లోలకం తగిలించి, రేడియో టైము చూసి ముల్లు సరిచేసి వచ్చి మళ్లీ పడుకున్నాడు. మామూలుగా శుక్రవారం మౌజన్ సాబ్ కూడా ఒకసారి రేడియోతో సరిచూసుకునేవాడు. ఆ వారం చూడలేదట. ఎన్నడూ తేడా రాని గడియారం, అందులోనూ కొత్తగా బాగై వచ్చింది.

శనివారం సాయంత్రం నేను రఫియా ఆపా ఇంట్లో ఉన్నాను. రంజాన్ నెలలో సాయంత్రాలు నేను ఎక్కువ అక్కడే ఉండేదాన్ని. వాళ్లమ్మ ఉల్లిపాయ పకోడీలు వేస్తోంది. నేల మీద తెల్ల గుడ్డ పరిచి ఖర్జూరాలు, అరటిపండు ముక్కలు, నీళ్ల గ్లాసులు పెట్టారు. పక్కింటి ముసలవ్వ ఒకామె జ్వరంలోనూ ఉపవాసం విడవకుండా, గోడకు ఆనుకుని కూర్చుని పెదాలు తడుపుకోకుండా ఓపిక పడుతోంది. బయట ఆకాశం బొగ్గులా ఉంది, పొద్దు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మౌజన్ సాబ్ గొంతు లేచింది. అందరూ దువా చదువుకుని ఖర్జూరం నోట్లో పెట్టుకున్నారు. ముసలవ్వ గ్లాసు నీళ్లు గటగటా తాగి, అమ్మయ్య అన్నట్టు కళ్లు మూసుకుంది. రెండో పకోడీ పళ్లెంలోంచి లేచేసరికి, దూరంగా వానలోంచి, ఉపవాసం విడిచే వేళకు మోగే ఊరి సైరన్ వినిపించింది. దాని వెంటే పక్క మొహల్లాల నుంచి ఒక్కొక్క అజా.

రఫియా ఆపా నోట్లోది నమలడం ఆపేసింది. వాళ్లమ్మ చేతిలో జల్లిగరిటె అలాగే ఉండిపోయింది. ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ముసలవ్వ మాత్రం కళ్లు తెరిచి, "ఏమైంది? ఏమైందే?" అని అడుగుతోంది. నాలుగు నిమిషాలు. పొద్దు గుంకకముందే గల్లీ మొత్తం ఉపవాసం విడిచేసింది. తెలియక జరిగినా ఆ రోజుది లెక్కలోకి రాదు, రంజాన్ దాటాక ఇంకో రోజు మళ్లీ ఉండాలి. నాకు ఆ క్షణమే తెలిసింది. కంపాస్ బాక్సులోని ముక్క కళ్ల ముందుకొచ్చింది. నేను లేచి, అమ్మ పిలుస్తోందని అబద్ధం చెప్పి ఇంటికి వచ్చేశాను.

నమాజు అయ్యాక మౌజన్ సాబ్ అందరి ముందు నిలబడి, ఇంతమంది రోజా, అంటే ఉపవాసం, చెడిన పాపం తన మెడ మీద పడిందని ఏడ్చాడట. ఎవరూ ఒక్క మాట అనలేదు. నాయినను కూడా ఎవరూ ఏమీ అనలేదు. లొల్లి అవుతుందని అమ్మ భయపడి తలుపు గడియ పెట్టింది, కానీ తలుపు తట్టినవాళ్లే లేరు. ఏదో ఒక మాట అని ఉన్నా బాగుండేది. ఎవరైనా వచ్చి అరిచి ఉంటే నా నోట నిజం బయటపడేదేమో.

ఆదివారం నాయిన గుడికి రాలేదు. మసీదు నుంచి గడియారం దించుకుని డబ్బాకు వెళ్లాడు. నేను, అమ్మ గుడికి వెళ్లి వచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాడు. "ఏందో ఆకురాయి పట్టుకొని కూసున్నడు, తిననీకి రమ్మంటే రాడు" అంది అమ్మ. ఏం చేస్తున్నాడో నేను వెళ్లి చూడలేదు. చూస్తే తెలుస్తుంది, తెలిస్తే చెప్పాల్సి వస్తుంది. మధ్యాహ్నం గడియారాన్ని మళ్లీ గోడకు తగిలించి వచ్చాడు. ఇంటికి వచ్చాక అమ్మతో ఒక్కటే మాట అన్నాడు. "నా చెయ్యి వణికింది. ముల్లు కాడ తప్పు చేసినట్టున్న." నేను వంటింట్లో నీళ్లు తాగుతూ విన్నాను. గుక్క మింగాను. ఆ మాటను దేవుడు నా కోసం పంపినట్టుగా పట్టుకున్నాను. ఆయనకు తెలియదు, తనే తప్పు చేశానని అనుకుంటున్నాడు, ఇక నేను చెప్పకపోయినా ఫరవాలేదు. సోమవారం కాలేజీకి పోతూ నయాపూల్ మీద నిలబడి కంపాస్ బాక్సు తెరిచాను. మూసీ నిండుగా, మట్టి రంగులో పోతోంది. అంత చిన్న ముక్క పడితే చప్పుడు కూడా రాలేదు.

ఆ వారమే మసీదు పెద్దలు మర్యాదగా ఇద్దరినీ ఆపేశారు. నాయినతో, చేయి బాగాలేదు కదా, ఆరాం చెయ్యి అన్నారు. మౌజన్ సాబ్‌తో, పెద్దవాడివయ్యావు, ఆరాం చెయ్యి అన్నారు. అజా ఇవ్వడానికి ఒక పడుచాయన వచ్చాడు. రేడియో పెట్టుకున్నారు. గడియారం గోడ మీదే ఉంది కానీ దానికి ఎవరూ చావి ఇవ్వలేదు. ఘడీసాజ్ చేయి వణుకుతోందన్న మాట బజారుకెక్కాక డబ్బాకు పనులు రావడం తగ్గిపోయింది. ఏడాది తిరగకముందే నాయిన దాన్ని మూసేశాడు. ఇంట్లో కూర్చుని గోడ గడియారం వంక చూసేవాడు. నాతో మామూలుగానే ఉన్నాడు. తిన్నావా, చదువుకున్నావా అని అడిగేవాడు. పట్టకారు మాత్రం మళ్లీ నా చేతికి ఇవ్వలేదు. నాకు ఉద్యోగం నల్లగొండ పక్కన వచ్చింది, పెళ్లయింది. నాయిన పోయిన కొన్నాళ్లకు అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. మళ్లీ ఆ గల్లీ వైపు వెళ్లలేదు.

మొన్న వానాకాలంలో మసీదు కమిటీ నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. నా నంబరు పాత ఇరుగుపొరుగు ఎవరో ఇచ్చారట. "ఆంటీ, మసీదు మరమ్మత్ నడుస్తుంది. పాత ఘడీ దించినం. మీ ఫాదర్ చేసేటోడంట కదా, అది మళ్ల నడుస్తదా లేదా జర చూసి చెప్తరా?" అన్నాడు. నేను రిటైరై ఉప్పల్‌లో ఉంటున్నాను. నాకు ఇప్పుడు చేతులు బాగోవు, రాలేను అని చెప్పవచ్చు. ఎందుకో వస్తానన్నాను. మా గల్లీలో లక్క వాసన తగ్గింది, రెండు వైపులా అంతస్తులు లేచాయి, బళ్లు నిలిపితే మనిషి నడవడానికి చోటు లేదు. మసీదు గేటు పక్క గదిలో బల్ల మీద గడియారం పెట్టారు. పైన గోడ మీద ఎర్ర అంకెల బోర్డు, ఐదు పూటల నమాజు టైములూ దానంతటదే మార్చుకుంటోంది. ఆ అబ్బాయి సెల్‌ఫోన్‌లో, నా ఫోన్‌లో, బోర్డులో ఒకే నిమిషం ఉంది. బ్యాటరీలకు పొద్దుటి జోరూ లేదు, మాపటి నీరసమూ లేదు. ఇక ఎవరి చేయి వణికినా, ఎవరి కూతురు అబద్ధమాడినా ఊరికి వచ్చే నష్టం లేదు. మంచిదే. కానీ ఇప్పుడు టైము తప్పితే దాన్ని తన మెడ మీద వేసుకునే మనిషి కూడా ఎవరూ లేరు.

అబ్బాయి స్క్రూడ్రైవరు తెచ్చిచ్చాడు. వెనక తలుపు తీసి, యంత్రాన్ని బయటికి జరిపి, టార్చి వేసి పక్క నుంచి చూశాను. స్ప్రింగు పెట్టె మూత మీద సిలువ ఉంది. ఫ్యాక్టరీలో చేసింది కాదు. చేతులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, ఒక అంచు మీద ఆకురాయి జారిన గీతలు మూడు, మర ఇత్తడిది. వణికే చేత్తో, ఒక్క రోజులో, అన్నం తినకుండా అరగదీసిన ముక్క. ఆయన గడియారం విప్పాడు, ఖాళీ జాగా చూశాడు. నేను రెండుసార్లు అబద్ధం చెప్పానని ఆ నిమిషంలోనే తెలిసింది ఆయనకు. ముల్లు దగ్గర తప్పు చేశానన్న మాట నేను వంటింట్లో ఉన్నానని తెలిసే అన్నాడు. ఆయనకు తెలియదని నలభై అయిదేళ్లు నేను పట్టుకుని ఉన్న ఊతం పోయింది. ఘడీ నడుస్తదా ఆంటీ అని అబ్బాయి అడిగితే, నడుస్తుంది బాబూ, నాలుగు చుట్లకు మించి తిప్పకండి అని చెప్పి బయటపడ్డాను.

రఫియా ఆపా అదే ఇంట్లో ఉంది. కొడుకులు మీద రెండంతస్తులు వేశారు, ఆమె కింది గదిలోనే ఉంటోంది. నన్ను గుర్తుపట్టి, "సలోమీ! ఎంత ముసలిదానివైనవే" అని నవ్వి, చాప మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించింది. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను చాయ్ ముట్టుకోకుండా, ఉన్నపళంగా చెప్పేశాను.

"ఆపా, ఆనాడు ఘడీ తప్పు నాయినది కాదు, మౌజన్ సాబ్‌ది అసలే కాదు. నేను చేసిన."

ఆమె బియ్యంలోంచి చేయి తీయలేదు. "ఎర్కే" అంది.

"ఎవరు చెప్పిన్రు?"

"మీ బాపు. ఐతారం నాడు పగటీలి వచ్చి గీ గడప మీదనే కూసున్నడు. 'నా బిడ్డ చేసింది మౌజన్ సాబ్. నా చెయ్యి సక్కగ లేక దానితోని చేపిచ్చిన. రేపు అందరి ముందట నాదే తప్పు అని చెప్త, మీ మీదికి రానియ్య' అన్నడు. చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. ఆయన పోయినంక మా అబ్బా మమ్ములను పిలిచి, ఈ మాట గడప దాటొద్దు అన్నడు. తెల్లారి కమిటీ ముందట మీ బాపు కంటె ముందుగాల్నే లేసి, ఘడీ కరెక్టే ఉండె, నా కండ్లే మసకైనయ్, ముల్లు సక్కగ కనవడలే అన్నడంట. మీ బాపు లేసి, అబద్ధం, నా చెయ్యి వణికింది అన్నడంట. ఇద్దరు నాదంటే నాదని కొట్లాడిన్రు. కమిటీవాళ్లు ఇద్దరిని నమ్మిన్రు."

ఆమె ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"అబ్బా కండ్లకు ఏం కాలే. సచ్చేనాటికి గూడ సూదిల దారం ఎక్కిచ్చేటోడు. ఐదు పూటల ఇంట్ల కూసొని, ఎవ్వరికి వినవడకుండ నోట్లనే అజా చదువుకునేటోడు."

"మరి నన్ను ఎవ్వరు ఒక్క మాట అడగలేదేంది ఆపా?"

"అడిగి చెప్పిస్తే అది చెప్పినట్టెట్లయితది? ఆ పిల్ల దానంతటదే ఒకనాడు వస్తది, వస్తే తిట్టకుండ్రి అనేటోడు అబ్బా. చెప్తే దాని పానం నిమ్మలమైతది అనేటోడు. ఈద్‌కు నీకు షీర్ ఖుర్మా ఇచ్చేటప్పుడు నీ మొకం దిక్కే చూసేటోడు. నువ్వు తాగి, గిన్నె కడిగి ఇచ్చి పోయేదానివి."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. "నన్ను మాఫ్ చెయ్యి ఆపా."

ఆమె చేయి విడిపించుకోలేదు. కోపం లేదు గొంతులో. "నన్ను అడుగుతున్నవేంది? మాఫ్ చెయ్యాల్సినోళ్లు ఇద్దరు పోయిన్రు. వాళ్ల బదులు నేను చేస్తే చెల్లదు సలోమీ" అంది.

లేచి వచ్చేటప్పుడు గడప దగ్గర ఆగాను. ఎదురుగా మా పాత ఇల్లు. ఈ గడపకూ ఆ గడపకూ మధ్య రెండు అంగలు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదామని మొదట్లో చాలాసార్లు ఆ రెండు అంగలు వచ్చి వెనక్కి పోయినదాన్నే. మౌజన్ సాబ్ ఇక్కడే కూర్చుని ఉండేవాడు. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగి, నేను కూర్చోవడానికి చోటిచ్చేవాడు.